బుడ్డగింజల లెక్క

నా ఎడమకాలు రొంత పొట్టి.
నడిస్తే నేల ఒకసారి గట్టిగా పలుకుతాది,
ఒకసారి మెల్లగా.
వార్డులో ఆ సప్పుడు విని
"సుంకులమ్మొచ్చె, చేతులు కడగండప్పా" అని
నర్సమ్మలు నవ్వుకుంటారు.
నవ్వనీ.
నవ్వుతానే కడుగుతారు గదా.

ఆదోని జిన్నింగు మిల్లులో
బెల్టు నా కొంగు పట్టె.
తొడెముక రెండు తునకలు.
కర్నూలు పెద్దాసుపత్రిలో రాడ్డు వేసిరి.
ఆపరేషను బాగనే చేసిరి, అబద్ధమెందుకు,
ఆ సారు చేయి మంచిదే.

ఆరోనాడు కట్టు విప్పితే వాసన,
కుళ్లిన ఉల్లిగడ్డల గోతాం విప్పినట్ల.
నాకంటే ముందు ఈగలకు తెలిసె.
ఇంగ మూణ్ణెల్లు.
రాడ్డు తీసి, గీకి, మళ్ల వేసి, మళ్ల తీసి.
సూదిమందు ఒకదానికంటే ఒకటి పిరెం.
చెవుల కమ్మలు పోయె,
రెండు మేకలు పోయె,
రెండు వేళ్లంత ఎముక పోయె.

పక్క మంచం కవులుట్లమ్మది, గోనెగండ్ల మనిషి.
కడుపు కోత.
రోజూ నాకు కట్టు కట్టి
అదే చేత్తో, అదే పట్టకారుతో
ఆమె కాడికి పోతాండ్రి.
పండుకోని చూస్తాంటి.
చూస్తాంటి అంతే, అడగల్ల అని తెల్దు.
నా గాయం ఆమె దాకా నడిచిపోయె.
పదకొండో పొద్దుకు ఆమె మంచం ఖాళీ.
దుప్పటి మార్చిరి.
కొత్తామె వచ్చె.
పట్టకారు మారలే.

ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే.
నా చిన్నప్పుడు మా ఊరి టీకొట్టులో
మా గలాసు వేరే, చూరులో దోపి పెట్టేటోళ్లు.
తాగి, మేమే కడిగి, మేమే దోపాల.
నా కొంగు సోకితే వాళ్లకు మైల.
ఇన్ని తరాలు తాకుడు లెక్కపెట్టినోళ్లు
లెక్కపెట్టాల్సిన ఆ ఒక్క కాడ
ఎట్ల మరిసిపోయిరి?

హంద్రి, తుంగభద్ర రెండూ కలిసే ఊరు.
వార్డు కుళాయి తిప్పితే గాలి.

నాకు రాయనీకె రాదు.
ఒళ్లో బుడ్డగింజలు పోసుకోని
వార్డు వాకిట్లో కూసుంటి.
మంచం నుంచి మంచానికి ఒక చేయి పోతే
ఒక గింజ.
కడిగిన చేయి ఎర్ర సంచిలోకి,
కడగని చేయి తెల్ల సంచిలోకి.
వాచుమను రెండుసార్లు బయటికి తోసె.
ఒక పెద్ద సారు "నువ్వేం చదివినావు?" అనె.
"గాయం చదివినా సారూ, మూణ్ణెల్లు."

పదైదు దినాలకు
సూపరింటెండు మేజా మింద
రెండు సంచులూ బోర్లించితి.
ఎర్రది దోసెడు.
తెల్లది మేజా పట్టక
గచ్చు మింద పడి దొర్లె,
ఒక గింజ ఆయన బూటు కాడికి పోయి ఆగె.
ఎవరూ మాట్లాడలే.
ఫ్యాను కింద కాగితాలు మాత్రం అల్లాడె.

ఇప్పుడు మంచానికొక మందు సీసా యాలాడుతాంది.
కుళాయిలో నీళ్లు, మధ్యానం దాకా.
ఒక రాత్రి చిన్న డాక్టరు పాప,
రెండు దినాలుగా నిద్ర లేని కండ్లు,
కడగకనే పోయి, మళ్ల తిరిగొచ్చి
"అవ్వా, ఆ గింజ వెనక్కి తీసుకో" అనె.
"తీసుకోను తల్లీ.
ఇప్పుడు కడుగు, ఎర్ర సంచిలో ఇంగొకటేస్తా."

మొన్న కవులుట్లమ్మ కొడుకొచ్చె.
పక్కన కూసోని చాన్సేపు చూసె.
తెల్ల సంచి మింద చెయ్యి పెట్టి
"పెద్దమ్మా, దీంట్లో మా యమ్మ యా గింజ?" అనె.

తెలిసుంటే ఏరి ఇచ్చేదాన్ని.
వాడే ఒకటి తీసుకోని
చొక్కా జోబులో వేసుకోని పోయె.

తెల్ల సంచి ఇంకా బరువే.
ఆరు గంటల బస్సు తప్పితే
పొద్దు పూట కట్లు చూడలేను.
ఇంగ పండుకోవాల.